బ్యాటరీలను తింటున్నదెవరు

పొద్దున్నే కళ్ళు తెరిచాక మావిస్ చేసే మొదటి పని కాఫీ పెట్టడం కాదు, మీటరు చూడడం. పది రోజులుగా అదే అలవాటైపోయింది. వాళ్ళు కాపురముంటున్న బండి తలుపు పక్కన అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదిగా ఉండే ఆ మీటరులో, బ్యాటరీల్లో నూటికి ఎంత మిగిలిందో అంకె కనబడుతుంది. ఆ రోజు అది నలభై నాలుగు చూపించింది. రాత్రి పడుకునేటప్పుడు ఎనభై ఆరు ఉంది. తెల్లారేసరికి ఎవరో వచ్చి సగానికి సగం తోడుకుపోయినట్టుంది.

"ఎంతుంది?" అన్నాడు ఆర్విడ్. అతను అప్పటికే లేచి, దుప్పటి కప్పుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. కాళ్ళ దగ్గర మిషను గురగురమంటోంది.

"నలభై నాలుగు."

"నిన్నటికన్నా..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "ఒకటి నయం" అన్నాడు.

"ఒకటి నయమట. పేలాలు ఏరుకుంటున్నావా?" అంది మావిస్. తరవాత అంత కటువుగా అన్నందుకు తనే నొచ్చుకుంది. "రేపు పొద్దున్నే బయల్దేరుదాం, ఆర్విడ్. వెర్నాకి ఫోను చేస్తాను."

"ఇంకొక్క రోజు... చూద్దాం."

"పది రోజులుగా చూస్తూనే ఉన్నాం."

ఆర్విడ్ డులూత్ రేవులో ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఉద్యోగం వదిలేశాడు గాని, ఆ ధాన్యపు దుమ్ము అతన్ని వదల్లేదు. ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టింది. పగలు ఎలాగో నెట్టుకొస్తాడు. రాత్రి పడుకుంటే మాత్రం ఆక్సిజన్ మిషను ఉండాల్సిందే. ఊళ్ళో ఇల్లయితే గోడకున్న ప్లగ్గులో పెడితే సరిపోయేది. వాళ్ళకి ఇల్లు లేదు. దాన్ని అమ్మేసి ఆరేళ్ళయింది. ఇరవై ఏడు అడుగుల పాత మోటారు బండే ఇల్లు, వంటగది, పడకగది అన్నీ. వేసవిలో ఉత్తరాదిన ఎక్కడో సరస్సుల పక్కన ఉంటారు. నవంబరు వచ్చేసరికి దక్షిణాన క్వార్ట్‌సైట్ ఎడారికి దిగిపోతారు. అక్కడ కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు, పొరుగువాడు కేకేస్తే వినబడేంత దూరంలో ఉంటాడు. ఆ పొడి గాలిలో మాత్రం ఆర్విడ్ మెట్లు దిగగలడు, కుర్చీ తెచ్చుకోగలడు, పక్కవాళ్ళ మీద జోకులు వెయ్యగలడు.

వెర్నా అతని చెల్లెలు. మంచి మనిషే. ఆవిడ ఇంట్లో ఖాళీగా ఉన్నది నేల కింద గది ఒక్కటే. కిందటి మార్చిలో ఆ గదిలో తొమ్మిది రోజులున్నారు. గోడలకి చెమ్మ, కిటికీ అవతల పేరుకున్న మంచు. పదో రోజున ఆర్విడ్‌ని ఆసుపత్రిలో చేర్చారు, పదహారు రోజులుంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఇలాంటి చెమ్మ చలికాలం ఇంకొకటి ఈయన తట్టుకోలేడని మావిస్‌ని పక్కకి పిలిచి చెప్పింది. ఆ మాట ఆర్విడ్‌కీ తెలుసు. మావిస్ మొహం చూసి ఏదైనా చదివెయ్యగలడు.

మరి రేపు అక్కడికే ఎందుకు వెళ్ళడం? ఎందుకంటే అక్కడ గోడలో కరెంటుంది. ఇక్కడ ఏ రాత్రి బ్యాటరీలు పూర్తిగా పడిపోయి మిషను ఆగుతుందో తెలియదు. చుట్టుపక్కల ఇలాంటి బండ్లు నిలుపుకోనిచ్చి కరెంటిచ్చే పార్కులన్నీ మార్చి దాకా నిండిపోయాయి. ఊళ్ళో బ్యాటరీల కొట్టువాడు కొత్తవి రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడు. అటు చూస్తే చెమ్మ, ఇటు చూస్తే చీకట్లో ఆగిపోయే మిషను. రాత్రిళ్ళు మావిస్ ఈ రెండింటి మధ్యా నలిగి నలిగి, కనీసం ఆసుపత్రికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

అలాగని ఆవిడ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బండి కప్పు మీద నాలుగు సోలార్ పలకలున్నాయి. నిచ్చెన వేసుకుని ఎక్కి, అద్దాలు తుడిచినట్టు తుడిచింది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసింది. బిగువు తప్పిన బోల్టులున్నాయేమోనని ఒక్కొక్కటీ బిగించింది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా జనరేటరు వేసింది. అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఇవన్నీ కొత్తగా నేర్చుకున్న పనులు. ఇదివరకు బండి బయటి వ్యవహారమంతా ఆర్విడ్‌ది, లోపలిది ఆవిడది. కిందటి వసంతం నుంచి ఆర్విడ్ కిందికి వంగలేకపోతున్నాడు. వంగితే ఊపిరి అందదు. కాబట్టి బండి పొట్టలో ఉండే అరల్లోకి తల దూర్చి చూడాల్సిన పనులన్నీ మావిస్ మీద పడ్డాయి.

సలహాలకి కొదవ లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఎడారిలో కుర్చీల సభ జరుగుతుంది. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుంటారు. గుండ్రంగా కూర్చుని ప్రపంచంలో ఎవరి బండికి ఏ రోగమొచ్చినా మందు చెప్పేస్తారు. ఏడుగురు కూర్చుంటే ఎనిమిది సలహాలొస్తాయి. అందులో డెంజిల్ అనే ఆయనది పెద్ద నోరు. ఒరెగాన్‌లో దుంగల లారీ తోలి మానేసినవాడు.

"ఎన్నేళ్ళ బ్యాటరీలు?" అని అడిగాడు మొదటి రోజే.

"ఐదు" అంది మావిస్.

"ఐదేళ్ళా? ఇంకేం, ఒక దండ తెచ్చి వెయ్యి. బతికినన్నాళ్ళు బాగా బతికాయి."

అందరూ నవ్వారు. మావిస్ కూడా నవ్వింది. తరవాత బండిలోకి వెళ్ళి స్నానాలగది తలుపేసుకుని ఏడ్చింది. ఐదేళ్ళ బ్యాటరీలు పోవడం వింతేం కాదు. అందరూ అదే మాటన్నాక ఆవిడకీ అదే నిజమనిపించింది.

ఆ రోజు పదకొండింటికల్లా మావిస్ సర్దడం మొదలుపెట్టింది. వెళ్ళిపోయేవాళ్ళు మిగిలిన కట్టెలు బండి ముందు పేర్చి పెడతారు, కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఎడారిలో అది మర్యాద. వీడ్కోలు మాటలు నోటితో చెప్పుకోనక్కర్లేదు, కట్టెలే చెబుతాయి. మావిస్ ఒక్కొక్క కట్టే తెచ్చి పేర్చింది. ఆర్విడ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కట్టెలకోసం మొదట వచ్చింది బ్యూలా.

బ్యూలాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఐడహోలో టెలిఫోను స్తంభాలెక్కి తీగలు కట్టిన మనిషి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆ పనికి వెళ్ళేవాళ్ళు కాదు, ఆవిడ వెళ్ళింది. ఇప్పుడు ఎండిన వాగుకి అవతల ఒక తెల్ల వ్యానులో ఒంటరిగా ఉంటుంది. కుర్చీల సభకి రాదు. ఎందుకు రావని అడిగితే, అక్కడ అరగంట కూర్చుంటే ఉన్న తెలివి కాస్తా కారిపోతుందని చెబుతుంది.

వచ్చి కట్టెలు తీసుకోలేదు. కట్టెల కుప్ప మీద కూర్చుంది.

"ఏంటి పిల్లా ఇది?"

"తీసుకెళ్ళు బ్యూలా. మేం రేపు వెళ్ళిపోతున్నాం."

"జనవరిలోనా? ఎవరు తరిమారు?"

"బ్యాటరీలు పోయాయి."

"పోయాయని ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"ఆ అందరిలో ఎవరైనా కుర్చీలోంచి లేచొచ్చి మీ బండి కింద తల పెట్టి చూశారా?"

మావిస్ ఆలోచించింది. ఎవరూ చూడలేదు.

"అనుకున్నా" అంది బ్యూలా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ. "కాఫీ ఉందా? పొయ్యి కూడా సర్దేశావా?"

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మావిస్ మొక్కజొన్న రొట్టె ముక్కలు కోసి పెట్టింది. బ్యూలా రొట్టె నములుతూ ఒక్కొక్క ప్రశ్నే అడిగింది. పరీక్ష పెట్టే పంతులమ్మలా కాకుండా, తీరిగ్గా పక్కింటి సంగతులు అడిగినట్టు అడిగింది.

"రాత్రి ఏమేం నడుస్తాయి?"

"మిషను ఒక్కటే. దీపం కూడా వెయ్యను, టార్చితో తిరుగుతాను."

"చలికి హీటరు?"

"గ్యాసు మీద."

"ఫ్రిజ్జు?"

"అదీ గ్యాసు మీదే. నేనే చేత్తో తిప్పి పెట్టాను."

"అంకెలు ఎక్కడైనా రాసుకున్నావా?"

గోడకున్న క్యాలెండరులో రోజూ పొద్దుటి అంకె మావిస్ పెన్సిలుతో రాస్తూ వచ్చింది. నవంబరు, డిసెంబరు అంతా అరవై ఐదుకి అటూ ఇటూ ఉంది. పది రోజుల కిందట ఒక్కసారిగా నలభై రెండుకి పడింది. తరవాత నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై, నలభై ఒకటి, నలభై. చివరి నాలుగు రోజులు నలభై రెండు, నలభై నాలుగు, నలభై మూడు, నలభై నాలుగు.

"ఈ నాలుగు రోజుల్లో పైకొచ్చింది. ఏం మార్చావు?"

"నేనేం మార్చలేదు. కాస్త ఎండ బాగా కాసిందేమో."

"పడుకునేటప్పుడు రోజూ ఎనభై ఆరే అన్నావు కదా? మరి ఎండకేం సంబంధం? రాత్రి ఏదో తక్కువ వాడారు."

"ఏం తక్కువ వాడతాం బ్యూలా, ఉన్నదే ఒక్క మిషను."

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. రొట్టె ముక్కని ప్లేటులో అటు తోశాడు, ఇటు తోశాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ వాలకం మావిస్ మూడు నాలుగు సార్లే చూసింది. ఒకసారి ఆమెకి చెప్పకుండా పడవ కొన్నప్పుడు.

"మావిస్. కోప్పడకు."

"ఎందుకు?"

"నాలుగు రాత్రులుగా... నువ్వు పడుకున్నాక... ఆపేస్తున్నా."

"ఏం ఆపేస్తున్నావు?"

"మిషను. ఒంటిగంటకి. మళ్ళీ ఆరింటికి... వేస్తున్నా."

మావిస్‌కి వెంటనే అర్థం కాలేదు. రాత్రిళ్ళు ఆవిడ చెవిలోని వినికిడి మిషను తీసేసి పడుకుంటుంది. ఆక్సిజన్ మిషను ఆగినా, నడిచినా తెలియదు. పొద్దున లేచేసరికి అతను దుప్పటి కప్పుకుని బల్ల దగ్గర కూర్చుని ఉండడం, తొందరగా మెలకువొచ్చిందనడం, ఆ పెదవుల నీలి రంగు... అన్నీ ఒకదాని తరవాత ఒకటి గుర్తొచ్చాయి. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి కూర్చున్నాడన్నమాట. ఐదు గంటలు. ఆ చలిలో. ఆవిడ రెండడుగుల దూరంలో హాయిగా నిద్రపోతుండగా.

"ఎందుకు?" అంది.

"అంకె పెరిగితే... వెళ్దామనవని."

మావిస్‌కి తిట్టాలనుంది గాని, భయం ముందు పట్టుకుంది. నాలుగు రాత్రుల్లో ఏ రాత్రయినా అతను అలా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి ఉంటే, తను తెల్లారి లేచి ముందు మీటరు చూసేది, తరవాత అతన్ని చూసేది.

బ్యూలా మాత్రం రొట్టె నమలడం ఆపి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మొగుడూపెళ్ళాల మధ్య సంగతి విననట్టు నటించడం ఆవిడకి చేతకాదు గాని, ఆవిడ ధ్యాస నిజంగానే ఇంకెక్కడో ఉంది.

"ఏమయ్యా పెద్దమనిషీ, నాలుగు రాత్రులూ ఐదేసి గంటలు ఆపావా? నిజం చెప్పు. గొప్పలకి పోకు."

"ఐదేసి గంటలు."

"తినేది ఈ మిషనొక్కటే ఐతే ఇరవై పెరగాలి. కనీసం పదిహేను. పెరిగింది రెండో మూడో." బ్యూలా వేలితో బల్ల మీద కొట్టింది. "రాత్రి తింటున్నది ఈ మిషను కాదు పిల్లా. దీన్ని పస్తు పడుకోబెట్టినా తరుగు తరుగుతూనే ఉంది. మీ ఇంట్లో ఇంకో తిండిపోతు ఉన్నాడు. పది రోజుల కిందట ఏం మార్చావు?"

"ఏం మార్చలేదంటున్నాగా."

"మార్చావు. గుర్తు తెచ్చుకో."

"వైరు ఒక్కటి. అది మార్చడం కిందికి వస్తుందా?"

"ఏ వైరు?"

ఆర్విడ్ ఇదివరకు కట్టిన ఏర్పాటు ఏమంటే, బండి పొట్టలోని అరలో బ్యాటరీల పక్కన, వాటి కరెంటుని ప్లగ్గుల కరెంటుగా మార్చే ఇన్వర్టరు ఉంటుంది. దాన్నుంచి ఒక పొడుగాటి వైరు కిటికీలోంచి లోపలికి తెచ్చి, నేల మీదుగా మంచం దగ్గరికి లాగి, మిషనుకి తగిలించేవాడు. పది రోజుల కిందట ఆర్విడ్ స్నానాలగదికి వెళ్తూ ఆ వైరు కాలికి చుట్టుకుని పడ్డాడు. భుజం కమిలిపోయింది. ఆ పూటే మావిస్ ఆ వైరు పీకేసింది. జనరేటరు వేసినప్పుడు బండి మొత్తానికి కరెంటిచ్చే తాడులాంటి లావుపాటి కేబులు ఒకటి ఉంది, దాన్ని తెచ్చి ఇన్వర్టరు ప్లగ్గులోనే పెట్టేసింది. గోడల్లో ఉన్న ప్లగ్గులన్నీ ఒక్క దెబ్బతో పనిచేశాయి. నేల మీద వైరు లేదు, పడే భయం లేదు. ఇన్నేళ్ళూ ఆర్విడ్‌కి తట్టని ఉపాయం తనకి తట్టిందని ఆ రోజు ఎంత మురిసిపోయిందో.

ఇదంతా చెప్పేసరికి బ్యూలా లేచి నిలబడింది. "పద బయటికి."

ఆర్విడ్ కూడా మెట్లు దిగాడు, ఆగి ఆగి. బ్యూలా అర తలుపు ఎత్తి లోపల చూసింది. చూసి, నెమ్మదిగా తల ఊపింది.

"ఇలా రా. నువ్వే చెప్పు. ఈ తాడు ఎక్కడ మొదలైంది?"

"ఇన్వర్టరు దగ్గర" అంది మావిస్ మోకాళ్ళ మీద కూర్చుంటూ.

"ఇన్వర్టరుకి కరెంటు ఎక్కణ్ణుంచి?"

"బ్యాటరీల నుంచి."

"తాడు ఎక్కడికి వెళ్తోంది?"

"బండిలోకి. ప్లగ్గులన్నిటికీ."

"ప్లగ్గులకేనా? జనరేటరు వేసినప్పుడు ఇదే తాడుతో ఇంకేం నడుస్తుంది?"

"ఛార్జరు. బ్యాటరీలని నింపే పెట్టె. మంచం కిందుంటుంది. జనరేటరు నుంచి కరెంటు తీసుకుని బ్యాటరీల్లో..."

మావిస్ వేలు తాడు వెంటే వెనక్కి ఇన్వర్టరు దాకా వచ్చింది.

"ఊఁ. ఇప్పుడు జనరేటరు లేదు. ఛార్జరు ఎక్కణ్ణుంచి తీసుకుంటోంది?"

"బ్యాటరీల నుంచే."

"తీసుకుని?"

"బ్యాటరీల్లోనే పోస్తోంది."

"బకెట్లో నీళ్ళు చెంబుతో ముంచి మళ్ళీ అదే బకెట్లో పోస్తున్నావు. పగలూ రాత్రీ, పది రోజులుగా. ముంచిన ప్రతిసారీ కాస్త ఒలుకుతుంది, కాస్త వేడిగా పోతుంది. నింపుతున్నాననుకుని ఖాళీ చేస్తున్నావు. ఈ బ్యాటరీలకి దండెయ్యమన్నదెవరు, ఆ డెంజిలేనా? ఇంత హింస పెట్టినా ఐదేళ్ళ బ్యాటరీలు రోజూ నలభై దగ్గర నిలబడ్డాయంటే గట్టివి. దండ వాడి మెళ్ళో వెయ్యి."

"నా వల్లనేనా ఇదంతా?" అంది మావిస్. చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది.

"ఈ ఎడారిలో ఈ పని ఒక్కసారైనా చెయ్యనివాడు లేడు. చెప్పుకోరంతే. మొదటి ఏడు నేనూ చేశా. నలభై ఏళ్ళు తీగలతో బతికినదాన్ని, వారం రోజులు తల పట్టుకుని కూర్చున్నా. లోపలికెళ్ళి స్విచ్చుల పెట్టెలో ఛార్జరుది ఏదో చూసి కిందికి నొక్కు. ముందు మీటరులో ఎంత లోపలికెళ్తోందో చూసి చెప్పు."

అప్పుడు పన్నెండున్నర. నెత్తి మీద ఎండ, ఎక్కడా మబ్బు తునక లేదు. అంత ఎండలోనూ మీటరులో కింద ఉండే రెండో అంకె, అంటే బ్యాటరీల్లోకి వెళ్తున్న కరెంటు, మూడు ఆంపియర్లే. మావిస్ గట్టిగా "మూడు" అని అరిచి, స్విచ్చు కిందికి నొక్కింది.

మీటరులో అంకె కదిలింది. తొమ్మిది. పదిహేడు. ఇరవై రెండు దగ్గర ఆగింది.

మంచం కిందనుంచి ఇన్నాళ్ళూ సన్నగా వస్తున్న ఒక రొద ఆగిపోయింది. అది అక్కడ ఉన్నట్టే ఆవిడ ఎప్పుడూ గమనించలేదు.

"ఇరవై రెండు" అంది తలుపు దగ్గరకొచ్చి. ఈసారి అరవలేదు.

ఆర్విడ్ మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. మావిస్ అతని పక్కన కూర్చుని, భుజం మీద తల పెట్టి, కమిలిన భుజమని గుర్తొచ్చి రెండో వైపుకి మారింది. గుండెల మీంచి బండ దించినట్టుంది. రేపు వెళ్ళక్కర్లేదు. ఆ గది లేదు, ఆ చెమ్మ లేదు. ఇక్కడే ఉంటారు.

"బాగుంది వరస" అంది బ్యూలా. "పడతాడని ఈవిడ వైరు తీసింది. వెళ్దామంటుందని ఆయన ఊపిరి ఆపుకున్నాడు. ఒకరికొకరు మేలు చేసుకుంటూ ఇద్దరూ చచ్చేలా ఉన్నారు. ఇక నుంచి కాస్త కీడు చేసుకోండి, నోరు విప్పి చెప్పి మరీ."

వెళ్ళేముందు ఇంకో విడత చీవాట్లు పెట్టింది. జనరేటరు సాయంత్రం ఎందుకు వేస్తున్నావని అడిగింది.

"రాత్రికి నిండుగా ఉంటుందని."

"పొద్దుణ్ణుంచీ ఎండ తిని కడుపు నిండినవాడికి సాయంత్రం విందు పెడితే ఏం తింటాడు? పెట్రోలు దండగ. పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు గంటసేపు జనరేటరు వెయ్యి. గబగబా లాగేసుకుంటాయి. అక్కణ్ణుంచి ఎండకి వదిలెయ్యి. చివరి పదీ పాతికా నింపడం నిదానం మీద జరిగే పని, దానికి ఎండే సరి. మబ్బు పట్టి, జనరేటరూ మొరాయిస్తే బండి ఇంజను అరగంట తిప్పుకో. అది ఆపదకి, అలవాటుకి కాదు. ఇంకోటి, జనరేటరు వేసినప్పుడు ఆ స్విచ్చు పైకి, ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు కిందికి. మర్చిపోతే మళ్ళీ నలభై."

మావిస్ స్విచ్చుకి ఎర్ర టేపు అంటించింది. బ్యూలా తన కష్టానికి రెండు కట్టెలు చంకలో పెట్టుకుని వాగు దాటి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళిందో లేదో డెంజిల్ తోపుడు బండి వేసుకుని వచ్చాడు. కట్టెల కుప్ప వైపు చూసి, విచారంగా మొహం పెట్టి టోపీ తీశాడు. "వెళ్తున్నారన్నమాట. మంచివాళ్ళు వెళ్ళిపోతుంటే..."

"అవి మావే, డెంజిల్" అంది మావిస్. "రాత్రికి మంట వేసుకుంటాం. కుర్చీ తెచ్చుకో."

ఆ రాత్రి మంట దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. ఆర్విడ్ తొమ్మిదింటికే పడుకున్నాడు. మావిస్ అతని ముక్కుకి గొట్టం సరిచేసి, చెవిలోని వినికిడి మిషను ఒకటి తీయకుండా ఉంచుకుని పడుకుంది. గురగుర వినబడుతూనే ఉంది. ఒకటి రెండు సార్లు మెలకువ వచ్చినా మళ్ళీ నిద్రపట్టేసింది.

లేచేసరికి కిటికీలోకి ఎండ పడింది. ఏడు దాటింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. ఆర్విడ్ పక్కనే, వెల్లకిలా, నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. బుగ్గల్లో రంగుంది. ఆవిడ లేచి వెళ్ళి మీటరు చూసింది. అరవై ఏడు. మిషను రాత్రంతా నడిచాక అరవై ఏడు.

సంతోషం వచ్చింది. దాని వెనకే, నిన్న పగలంతా ఎక్కడ దాక్కుందో, కోపం వచ్చింది. అదేం మామూలు కోపం కాదు. కాఫీ పెడుతుంటే గిన్నెలు వాటంతట అవే గట్టిగా మోగాయి. ఆర్విడ్ కళ్ళు తెరిచేసరికి ఆవిడ మంచం పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"నువ్వు పోతే నేనేమైపోవాలి?" అంది. "ఆ మీటరుతో కాపురం చెయ్యాలా? నాలుగు రాత్రులు ఆర్విడ్. నాలుగు రాత్రులు నా పక్కన కూర్చుని ఊపిరికోసం కొట్టుకుంటూ, నన్ను లేపాలని ఒక్కసారి అనిపించలేదా నీకు? ఇన్నేళ్ళు నీ బట్టలుతికి, నీ దగ్గులు విని, నీ చెల్లెలి పిల్లిని కూడా భరించానే. నా దగ్గర దాస్తావా? ఇంకోసారి ఆ మిషను మీద చెయ్యి వేశావంటే, ఈ ఎడారిలోనే నిన్ను దింపేసి బండి తోలుకుపోతాను."

ఆర్విడ్ దిండు వెనక్కి సర్దుకుని కూర్చున్నాడు. తల దువ్వుకోలేదు, కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆమె వైపు చూస్తూ అందుకున్నాడు.

"నేను సరదాకి ఆపానా, మనం వెర్నా ఇంటికెళ్తే నువ్వు ఆ చెమ్మ గదిలో ఆ చిరిగిన సోఫా మీద కూర్చుని ఆవిడ పిల్లికి కబుర్లు చెబుతూ శీతాకాలమంతా నా గురక వింటూ ముసలిదానివైపోతావని ఆపాను గాని, అయినా నాకు తెలియక అడుగుతున్నాను, వైరు మార్చింది నేనా నువ్వా, పది రోజులు బ్యాటరీలకి బ్యాటరీలని తినిపించింది ఎవరో కాస్త చెబుతావా?"

మావిస్ నడుం మీది చెయ్యి తీసేసింది. ఆవిడ అతను అన్న మాటలు వినలేదు, అతను ఆగుతాడని ఎదురుచూసింది. ఎక్కడా ఆగలేదు. మొదట్నుంచి చివరిదాకా ఒక్కచోట కూడా ఊపిరికోసం ఆగలేదు.

"మళ్ళీ అను" అంది మంచం అంచున కూర్చుంటూ.

"ఏంటి?"

"ఇప్పుడన్నదంతా. మొదట్నుంచి."

ఆర్విడ్ ఆమె మొహంలోకి చూశాడు. కారణం అర్థమైంది. ఆమె చెయ్యి పట్టుకుని, మొత్తం మళ్ళీ మొదట్నుంచి అన్నాడు, ఇంకో రెండు తిట్లు కలిపి.